పాట నీది, గొంతు ఆ పిల్లది

విజయనగరం

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు రాసిన పాట ఆ ఆమదాలవలస పిల్ల పాడితే పెళ్లిళ్లలో, జాతరల్లో మోగిపోతోంది. పేరు దగ్గర మాత్రం "ఉత్తరాంధ్ర జానపదం" అని వేశారు. ఒళ్లు మండదూ మరి!

నాకూ జరిగింది. తొంభైల్లో అక్షరాస్యత కార్యక్రమానికి వరి నాట్లేసేటప్పుడు పాడుకునే ఉడుపుల పాట ఒకటి రాశాను. "నాగావళి నీటిలోన నెలవంక తేలియాడె" అని ఒక చరణం. మా పాటల దళంలో పాడే ఆవిడకి చదువు రాదు, నేను వినిపిస్తే పట్టుకునేది. నాలుగో ఊరికొచ్చేసరికి అది "నాగావళి రేవులోన సందమామ తానమాడె" అయింది. అందరి ముందూ కసిరాను. "నెలవంక నీళ్లలో ఏటి కనిపిస్తాది బాబూ? సందమామైతే నిజంగా తానమాడినట్టే ఉంటాది" అంది. ఆ రాత్రి రేవుకెళ్లి చూశాను. ఆవిడ చెప్పిందే నిజం.

పదేళ్ల తర్వాత చీపురుపల్లి బస్టాండులో టీ కొట్టాయన అదే పాట కూనిరాగం తీస్తున్నాడు. నేనే రాశానంటే నవ్వాడు. "మా అమ్మమ్మ పాడీది సార్, మీరెలాగ రాస్తారు?" టీకి మాత్రం డబ్బులు తీసుకున్నాడు.

అప్పుడు కోపమే వచ్చింది కానీ, ఒకటి దాచుకున్నాను. ఆ పాట పల్లవి మోత నాది కాదు. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని గంతులేసే తప్పెటగుళ్ల వాళ్ల దగ్గర విన్నది. వాళ్లని ఒక్కరినీ పేరు అడగలేదు. నీ పల్లవి ఎక్కడిదో నువ్వూ ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకో.

పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన ప్రజాకవి వంగపండు ప్రసాదరావు గారిదే చూడు. "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటంలోంచి పుట్టిన పాట. ఇవాళ దానికి గంతులేసేవాళ్లలో ఎంతమందికి ఆ పోరాటం గుర్తుంటుంది? ఆయన 2020లో పోయారు, పాట మాత్రం తిరుగుతూనే ఉంది.

ఇక పని సంగతి. రాతప్రతి, తేదీ వేసి, భద్రంగా పెట్టుకో. పాట ఇచ్చేముందు ఒక కాగితం రాయించుకో, మొహమాటపడకు. మన 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది, హక్కులు అమ్ముకున్నా "ఇది రాసింది నేను" అని చెప్పుకునే హక్కు పోదు. ఆ పిల్ల మీద కేకలు వేయకు, మర్యాదగా ఫోన్ చెయ్యి. చాలామందికి రాసినవాడు బతికున్నాడనే తెలియదు.

ఇంకోటి. రికార్డింగు విన్నాను. మూడో చరణంలో నువ్వు "వేదన" అని రాశావు, ఆ పిల్ల "ఏడుపు" అంది. నీ పుస్తకంలో ఏది వేస్తావో నాకు రాయి.

మీ అన్నయ్య