సోషల్ డెమోక్రటిక్ పార్టీలు గెలిచినా అసమానత ఎందుకు తగ్గడం లేదు?

ఎన్నికల దారిలోనే సమానత్వం తేవాలనుకునే ఈ పార్టీల గురించి ప్రశ్న అడిగినవారు రెండు కారణాలు సూచించారు. నాయకులు అమ్ముడుపోయారా, లేక ప్రపంచీకరణ వాళ్ల చేతులు కట్టేసిందా అని. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ ఒకే దేశంలో ఒకే పార్టీ తెచ్చిన సంస్కరణల్లో ఒకటి దశాబ్దాలు నిలిచి, ఇంకొకటి ఏడెనిమిదేళ్లకే ఎందుకు ఎగిరిపోయిందో ఆ రెండు కారణాలతో తేలదు. నేను చూసే కొలమానం వేరు: ఆ సంస్కరణను పదేళ్ల తర్వాత ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోని జనం ఎంతమంది? అలాంటి జనం లేకపోతే తర్వాతి ప్రభుత్వం దాన్ని ఒక్క బడ్జెట్‌లో ఎత్తేస్తుంది.

స్వీడన్‌ను చూడండి. సోషల్ డెమోక్రాట్లు 1932 నుంచి 1976 దాకా దాదాపు ఎడతెగకుండా పాలించారు. ఆ కాలంలో వాళ్లు వేసిన ఎత్తుల్లో రాజకీయంగా అన్నిటికన్నా తెలివైనది అనుబంధ పింఛను చట్టం. 1957లో దానిమీద మూడు ప్రత్యామ్నాయాలతో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, సంకీర్ణం విరిగింది, 1958లో ముందస్తు ఎన్నికలొచ్చాయి. చివరికి 1959 మేలో 115కు 114 ఓట్లతో గట్టెక్కింది. అదీ టూరె కోనిగ్సన్ అనే లిబరల్ సభ్యుడు ఓటింగులో పాల్గొనకపోబట్టి. లెక్క ఇలా ఉండేది: 30 ఏళ్లు పనిచేసి ఉండాలి, అందులో ఎక్కువ సంపాదించిన 15 ఏళ్ల సగటు తీసి, ఒక పరిమితికి లోబడి, దాదాపు 60 శాతం పింఛనుగా ఇస్తారు. అంటే ఎక్కువ జీతగాడికి ఎక్కువ పింఛను. సమానత్వం కోరే పార్టీ ఇలా చేయడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

కిటుకంతా అక్కడే ఉంది. గుమాస్తాలు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు ప్రైవేటు పింఛను కోసం వెతుక్కోవాల్సిన పని లేకుండా పోయింది. ప్రభుత్వ పథకం తమది కూడా అయింది కాబట్టి దానికి పన్ను కట్టడానికి వాళ్లు ఒప్పుకున్నారు. స్వీడిష్ పరిశోధకులు వాల్టర్ కోర్పి, యోకిం పాల్మె 1998లో ఈ సంగతినే దేశాల వారీగా పోల్చి చూపించారు: పేదలకే ఇస్తామని గట్టిగా గీత గీసిన దేశాల్లో మొత్తం పంపకం చిన్నదై, చివరికి పేదలకు అందేదీ తక్కువే అవుతుంది. ఇటీవలి గణాంకాల్లో ఈ సంబంధం అంత బలంగా కనబడడం లేదు. రాజకీయ తర్కం మాత్రం పాతబడలేదు. ఇంకో మాట, ఇదంతా కోటీశ్వరుల మీద పన్నుతో నడవదు. స్వీడన్‌లో వ్యాట్ 25 శాతం. స్థానిక ఆదాయ పన్ను సగటున 32 శాతం దరిదాపుల్లో ఉంటుంది, అది మామూలు ఉద్యోగి కూడా కట్టేదే. అందరూ కట్టి అందరూ పొందుతారు. అంతరం తగ్గేది పొందే వైపు.

జీతాల సంగతి ఇంకా ఆసక్తికరం. గోస్టా రేన్, రుడోల్ఫ్ మైడ్నర్ అనే యూనియన్ ఆర్థికవేత్తలు 1951లో పెట్టిన నమూనా ప్రకారం ఒకే పనికి ఒకే జీతం, కంపెనీ లాభాల్లో ఉన్నా నష్టాల్లో ఉన్నా. ఆ జీతం ఇవ్వలేని కంపెనీ మూతపడుతుంది. అక్కడివాళ్లకు ప్రభుత్వం శిక్షణ ఇచ్చి, ఇల్లు మారడానికి ఖర్చిచ్చి, బాగా నడుస్తున్న చోటికి పంపుతుంది. పన్ను దాకా వెళ్లకముందే, జీతం చేతికొచ్చే దగ్గరే అంతరం తగ్గింది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, బాగా నడిచే కంపెనీ ఇంకా ఎక్కువ ఇవ్వగలిగి ఉండీ ఇవ్వనక్కర్లేదు. మిగిలిన సొమ్ము యజమాని ఖాతాలోకి పోతుంది. కార్మికుల మధ్య సమానత్వం పెరిగిన కొద్దీ ఆస్తి కొద్దిమంది దగ్గర పోగుపడింది. స్వీడన్‌లో ఆదాయాల తేడా తక్కువ, ఆస్తుల తేడా చాలా ఎక్కువ అని ఇప్పుడు వినిపించే మాటకు వేర్లలో ఒకటి ఇక్కడుంది.

దీన్ని సరిదిద్దడానికే మైడ్నర్ కార్మిక నిధుల పథకం రాశాడు. పెద్ద కంపెనీలు ఏటా లాభంలో 20 శాతానికి సమానమైన కొత్త షేర్లు యూనియన్ల ఆధ్వర్యంలోని నిధులకు ఇవ్వాలి. కొన్ని దశాబ్దాల్లో కంపెనీల అదుపు చేతులు మారుతుంది. 1976లో యూనియన్ల మహాసభ జై కొట్టింది, అదే ఏడాది పార్టీ ఎన్నికల్లో ఓడిపోయింది. మళ్లీ గెలిచి 1983లో తెచ్చిన చట్టం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది: ఐదు ప్రాంతీయ నిధులు, లాభాల మీద కొంత పన్ను, బజారులో షేర్లు కొనడం, అంతే. అంతమాత్రానికే ఆ అక్టోబర్ 4న వ్యాపారులు వేలాదిగా స్టాక్‌హోమ్ వీధుల్లోకి వచ్చారు. 1991లో వచ్చిన ప్రభుత్వం నిధులను రద్దు చేస్తే వాటికోసం ఎవరూ రోడ్డెక్కలేదు. కారణం స్పష్టం. ‘ఇది నాది’ అని చెప్పుకోవడానికి ఏ ఒక్క కార్మికుడి చేతిలోనూ ఒక కాగితం కూడా లేదు. పింఛనుకు లక్షల మంది కాపలాదారులు, నిధులకు యూనియన్ కార్యాలయాలు మాత్రమే.

వారసత్వ పన్ను కథ ఇంకా చేదు. దాన్ని 2004 చివర్లో ఎత్తేసింది మితవాదులు కాదు, సోషల్ డెమోక్రాట్ల ప్రభుత్వమే. మినహాయింపు పరిమితి తక్కువగా ఉంచారు, ఇళ్ల ధరలు పెరిగాయి. దాంతో తల్లిదండ్రుల ఇల్లు దక్కిన సాధారణ కుటుంబం బిల్లు కట్టింది. పెద్ద ఆస్తులకు మాత్రం కుటుంబ వ్యాపార రాయితీలు, ఫౌండేషన్లు, విదేశీ నివాసం ఉండనే ఉన్నాయి. సంపద పన్నుదీ ఇదే రోగం. స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలో 25 శాతం పైన వాటా ఉన్న ప్రధాన యజమానికి 1997 నుంచి మినహాయింపు దొరికింది. బ్యాంకులో డబ్బు దాచుకున్న డాక్టరుకు దొరకలేదు. 2007లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసినప్పుడు అడ్డుపడే నైతిక బలం ఎవరికీ మిగల్లేదు. పన్ను రేటు గురించి సభలు దద్దరిల్లేలా వాదించుకునే పార్టీలు మినహాయింపుల జాబితా మీద పది నిమిషాలు కూడా పెట్టవు.

జర్మనీలో జరిగింది దీనికి తలకిందులు: సొంత జనాన్నే తోసేయడం. 2003 మార్చిలో సోషల్ డెమోక్రాట్ ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ ‘అజెండా 2010’ అనే సంస్కరణల మూట ప్రకటించాడు, అందులో నిరుద్యోగ సాయాన్ని మార్చే హార్ట్జ్-4 చట్టం 2005 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందు బీమా భృతి అయిపోయాక కూడా పాత జీతంలో ఒక వంతు లెక్కన, గడువు లేకుండా సాయం వచ్చేది. దాన్ని సంక్షేమ భృతితో కలిపేసి, పశ్చిమాన నెలకు 345 యూరోలు, తూర్పున 331 యూరోలు అని ఒకే మొత్తం పెట్టారు. అద్దె, హీటింగ్ ఖర్చు వేరు. బీమా భృతి గడువును చాలామందికి 12 నెలలకు, 55 దాటినవాళ్లకు 18 నెలలకు కుదించారు. ముప్పై ఏళ్లు చందా కట్టిన ఫౌండ్రీ కార్మికుడు, ఎన్నడూ చందా కట్టని మనిషి ఏడాది తర్వాత ఒకే కిటికీ ముందు నిలబడాల్సి వచ్చింది. అదీ పొదుపు వివరాలు చూపించి. చేతికొచ్చే డబ్బు తగ్గడం ఒక బాధైతే, పనిచేసిన జీవితానికి విలువ లేకుండా పోయిందన్న అవమానం ఇంకో బాధ. నా అంచనాలో ఓట్లను తినేసింది రెండోదే. యూనియన్ కార్యకర్తలు విడిపోయి 2005లో వేరు కుంపటి పెట్టారు, 2007లో అది కొత్త వామపక్ష పార్టీలో కలిసింది. ష్రోడర్ పార్టీ ఎస్పీడీ ఓటు 1998లో 40.9 శాతం, 2009లో 23 శాతం. 2015లో గంటకు 8.50 యూరోల కనీస వేతనం తెచ్చినా, 2022లో దాన్ని 12 చేసినా పోయినవాళ్లలో ఎక్కువమంది తిరిగి రాలేదు, 2025లో 16.4 శాతం. నిరుద్యోగం తగ్గిన మాట నిజమే. అందులో హార్ట్జ్ వాటా ఎంతన్నది ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు.

బ్రిటన్‌లో ‘కొత్త లేబర్’, అంటే టోనీ బ్లెయిర్ నాటి లేబర్ పార్టీ, దారి వేరు: చప్పుడు చేయకుండా పంచడం. 1999 ఏప్రిల్‌లో గంటకు 3.60 పౌండ్ల కనీస వేతనం, తక్కువ జీతాల కుటుంబాలకు ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయమైన టాక్స్ క్రెడిట్లు, చిన్నపిల్లల కోసం ష్యూర్ స్టార్ట్ కేంద్రాలు. పిల్లల పేదరికం నిజంగానే తగ్గింది. కానీ టాక్స్ క్రెడిట్ బ్యాంకు ఖాతాలో పడే ఒక అంకె. ఏడాది చివర ఆదాయం మారిందని తిరిగి కట్టమన్నప్పుడే దాని పేరు జనానికి గుర్తొచ్చేది. 2010 తర్వాత వీటిలో కోత పెట్టడం సులువైంది. కనీస వేతనాన్ని, 1948 నాటి జాతీయ ఆరోగ్య సేవను మాత్రం ఏ పార్టీ కూడా రద్దు చేస్తానని అనలేకపోయింది. ఆ రెండూ ప్రతి ఒక్కరికీ పేరుతో సహా తెలుసు.

ఇక బయటి ఒత్తిడి. ఫ్రాన్స్‌లో 1981లో గెలిచిన సోషలిస్టు అధ్యక్షుడు ఫ్రాన్స్వా మిత్తెరాన్ బ్యాంకులను, పెద్ద పరిశ్రమలను జాతీయం చేశాడు, కనీస వేతనం 10 శాతం పెంచాడు, ఐదో వారం వేతన సెలవు ఇచ్చాడు. జనం చేతిలో డబ్బు పడింది. ఆ డబ్బులో పెద్ద భాగం దిగుమతి సరుకులకు పోయింది, ఎందుకంటే ఆ సమయంలో మిగతా దేశాల్లో చాలావరకు ఖర్చు తగ్గించుకుంటున్నాయి. వాణిజ్య లోటు పెరిగి ఫ్రాంక్ విలువను 1981 అక్టోబర్‌లో, 1982 జూన్‌లో, 1983 మార్చిలో, మూడుసార్లు తగ్గించాల్సి వచ్చింది. ఆ మూడో తగ్గింపుతో ప్రభుత్వ ఖర్చు కోసుకునే పొదుపు బాట పట్టారు. ఒంటరిగా గేరు మార్చకూడదన్నది ఇక్కడ తేలింది. 2012లో మరో సోషలిస్టు అధ్యక్షుడు ఫ్రాన్స్వా హోలాండ్ పది లక్షల యూరోలు దాటిన సంపాదన మీద 75 శాతం పన్ను అన్నాడు. దానికి మార్కెట్ల కంటే ముందు ముసాయిదాయే దెబ్బకొట్టింది: ఫ్రాన్స్‌లో ఆదాయ పన్ను కుటుంబం లెక్కన వేస్తారు, ఇది వ్యక్తి లెక్కన రాశారు. రాజ్యాంగ మండలి కొట్టేసింది. దాన్ని యజమానుల మీదకు మళ్లించి రెండేళ్లు నడిపి వదిలేశారు.

ఓట్ల గణితం అందరూ రాసేదే, క్లుప్తంగా చెబుతా. ఫ్యాక్టరీ కార్మికులు ఏ దేశంలోనూ ఓటర్లలో స్థిరమైన మెజారిటీ కాలేదు. మధ్యతరగతిని కలుపుకోక తప్పదు, కలుపుకుంటే కార్మికుల ఊసు పలచబడుతుంది. పైగా చదువుకున్న నగరవాసులు, చదువు తక్కువైన చిన్న పట్టణాలవాళ్లు ఇప్పుడు వలసల మీద పూర్తిగా వేరు వైపుల ఉన్నారు. డెన్మార్క్‌లో సోషల్ డెమోక్రాట్లు వలసల మీద కఠినంగా మారి, అదే సమయంలో 61 ఏళ్లకల్లా 42 ఏళ్ల పని పూర్తిచేసినవారికి ముందస్తు విరమణ హక్కు ఇచ్చి ఒక దారి వెతికారు. రెండో భాగం మిగతా దేశాలు సరిగా గమనించలేదు. పొదుపు చర్యలకు తామే సంతకం పెట్టిన చోట్ల పతనం ఇంకా ఘోరం: గ్రీసులో సోషలిస్టు పార్టీ పాసోక్ 2009లో 43.9 శాతం నుంచి 2015 జనవరిలో 4.7కు, నెదర్లాండ్స్ లేబర్ 2012లో 38 సీట్ల నుంచి 2017లో 9కి పడిపోయాయి.

సరే, ఇప్పుడు అధికారంలోకొచ్చే పార్టీ ఏం చేయాలి? క్రమం ముఖ్యం.

మొదటి ఏడాదే బేరసారాల పరిధి మీద, అంటే యూనియన్లు యజమానులతో కుదుర్చుకునే జీతాల ఒప్పందం ఎంతమందికి వర్తిస్తుందన్న దానిమీద చెయ్యి వేయాలి. యూనియన్ సభ్యత్వం, ఒప్పందం పరిధి వేర్వేరు. ఫ్రాన్స్‌లో కార్మికుల్లో పదోవంతే సభ్యులు, కానీ ప్రభుత్వం ఒప్పందాన్ని రంగం మొత్తానికి వర్తింపజేస్తుంది కాబట్టి 90 శాతం పైన కవరవుతారు. ఆస్ట్రియాలో యజమానులందరూ వాణిజ్య మండలిలో తప్పనిసరి సభ్యులు, దాంతో దాదాపు అందరూ ఒప్పందం కిందకొస్తారు. బ్రిటన్‌లో ఇలాంటి విస్తరణ ఏర్పాటు లేదు, సభ్యత్వం పడిపోగానే ఒప్పందాలూ పడిపోయాయి. ఇది ఖజానాకు పెద్ద ఖర్చు లేని పని. కార్మిక సంస్థలను ఆలస్యంగా పట్టించుకుంటే రెండో ఎన్నికకు ప్రచారం చేసేవాళ్లే ఉండరు. స్వీడన్‌లో 2007లో మితవాద ప్రభుత్వం నిరుద్యోగ బీమా చందా పెంచగానే, ఆ బీమాతో అల్లుకున్న యూనియన్ల సభ్యత్వం గట్టిగా తగ్గింది. ఎక్కడ నరికితే చెట్టు పడుతుందో ప్రత్యర్థులకు బాగా తెలుసు.

తర్వాత సేవలు: శిశు సంరక్షణ, వైద్యం, ఇళ్లు. నాణ్యత మధ్యతరగతి కూడా వాడుకునేంత ఉండాలి. వియన్నా నగరపాలక సంస్థ 1923 నుంచి ఖరీదైన ఇళ్ల మీద నిటారుగా పెరిగే గృహ పన్ను వేసి, ఆ డబ్బు నేరుగా నిర్మాణానికి పెట్టింది. ఇవాళ్టికీ దాదాపు 2,20,000 మునిసిపల్ ఫ్లాట్లు నగరం చేతిలోనే ఉన్నాయి. వాటిలో ఉండేవాళ్లు పేదలు మాత్రమే అయితే ఎప్పుడో అమ్మేసేవారు.

ఆస్తి మీద పన్ను ఆఖరున. మినహాయింపు పరిమితి ఎక్కువ, మినహాయించే ఆస్తుల రకాలు తక్కువ, ఏటా మార్కెట్ ధరకు దగ్గరగా విలువ కట్టడం, దేశం వదిలేవాళ్లకు నిష్క్రమణ పన్ను, ఈ నాలుగూ కలిసి రావాలి. నార్వేలో 2022లో లేబర్ ప్రభుత్వం సంపద పన్ను గరిష్ఠ రేటును 1.1 శాతానికి పెంచింది, కొంతమంది ధనికులు స్విట్జర్లాండ్‌కు మకాం మార్చారు. 2024లో నిష్క్రమణ నిబంధన బిగించారు: వెళ్లేనాటికి షేర్ల మీద పెరిగిన లాభానికి పన్ను 12 ఏళ్లలోపు కట్టాల్సిందే, అంతకుముందులా దాన్ని నిరవధికంగా వాయిదా వేసే వీలు లేదు. 2025 ఎన్నికల్లో ఈ పన్నే ప్రధాన వివాదం, లేబర్ 28 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. ఈ పన్నులో ఒక భాగం నేరుగా మునిసిపాలిటీలకు వెళుతుంది. ఎత్తేస్తే తమ బడ్జెట్‌లో ఎంత లోటు పడుతుందో అక్కడి కౌన్సిళ్లు తమ ఊరివాళ్లకు అంకెలతో సహా చూపించగలవు.