బంతి కాలి దగ్గర లేనప్పుడు

తిరుపతి

నాయనా,

నీ నవల రాతప్రతి రెండు రాత్రుల్లో చదివేసినాను. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్రేట్లు మోసే పిల్లోడు ఫుట్‌బాల్ ఆడి రాష్ట్ర జట్టు దాకా పోయే కథ మన వైపు నుంచి రావడమే నాకు పెద్ద సంతోషం. తోతాపురి సొన తగిలి కాలి నల్లబడిన మణికట్లకు వాళ్లమ్మ కొబ్బరినూనె రాసే ఘట్టం దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆ పేజీలో ఒక్క అక్షరం మార్చొద్దు.

మార్చాల్సింది ఆట. నువ్వు ఆట రాసిన ప్రతిచోటా బంతి మనవాడి కాలి దగ్గరే ఉంది. ఒకసారి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో వాచీ చేతబట్టుకుని ఒక్క కుర్రాడినే చూస్తా కూర్చున్నాను. 90 నిమిషాల ఆటలో బంతి అతని దగ్గర ఉన్న సమయమంతా కూడితే మూడు నిమిషాలు దాటలేదు. పెద్ద పెద్ద ఆటగాళ్లకైనా మామూలుగా అంతకన్నా పెద్దగా ఎక్కువ దొరకదు. మిగతా 87 నిమిషాలు వాడు ఏం చేసినాడన్నదే ఆట. నీ నవలలో లేనిదీ అదే.

సెలెక్షన్ రోజు సంగతే తీసుకో. వెనక నంబరున్న జెర్సీ ఇస్తారు. అంతకుముందు మొహం కూడా చూడని పదిమందితో కలిపి ఆడిస్తారు. ప్రతివాడికీ తన బతుకు మార్చుకునే రోజు అదే, ఇంకొకడికి బంతి ఎందుకిస్తాడు? పదిహేను నిమిషాలు గడిచినా మనవాడికి బంతి రాదు. గొంతెత్తి అడగడానికి పక్కవాడి పేరు కూడా తెలియదు. నీ పిల్లోడు మన ఎర్రమట్టి నేల మీద పెరిగినవాడు. గట్టినేల మీద బంతి ఎగిరి మోకాలి దాకా వస్తుంది, పచ్చిక మీద అడుగు ముందే నిలిచిపోతుంది. తీరా బంతి వచ్చినప్పుడు వాడి కాలు అలవాటు కొద్దీ ఎత్తులో వెతుకుతుంది, బంతి కింద నుంచి జారిపోతుంది. ఎవడో నవ్వుతాడు. ఇదంతా వదిలేసి నువ్వు నేరుగా 89వ నిమిషం గోలుకు పోయినావు.

మరి వాడు ఎట్లా గెలవాల? జవాబు నీ మొదటి అధ్యాయంలోనే రాసిపెట్టినావు, నువ్వే చూసుకోలేదు. ట్రాక్టరు దగ్గర కూలోళ్లు వరసగా నిలబడి క్రేట్లు చేతులు మారుస్తారు కదా. క్రేటు తన చేతికి రాకముందే మనవాడు తల తిప్పి అవతలి చేతులు ఎక్కడున్నాయో చూసుకుంటాడని రాసినావు. చూడకపోతే క్రేటు కింద పడుతుంది, కూలి తెగుతుంది. ఆ తల తిప్పడాన్ని గ్రౌండులోకి తీసుకొనిరా. బంతి రాకముందే ఎవరికివ్వాలో చూసి పెట్టుకునేవాడు, బంతి రాకపోయినా డిఫెండర్‌ను తన వెంట లాక్కొనిపోయి ఇంకొకడికి దారి ఇచ్చేవాడు, పోగొట్టుకున్న బంతి కోసం వెనక్కి పరుగెత్తేవాడు. కోచ్ కన్ను పడేది అట్లాంటి వాడి మీద. కూలిపనిని నువ్వు అడ్డంకిగానే చూపించినావు. వాడి ఆటంతా వచ్చింది ఆ పనిలో నుంచే నాయనా.

అడ్డంకి లేదనడం లేదు. అదీ సరిగ్గా రాయి. తోతాపురి సీజన్ జూన్, జూలైలో. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు వరసకట్టే రోజులు. ఏడాదంతటి అప్పు తీర్చుకోవాల్సింది ఆ కొన్ని వారాల్లోనే. సెలెక్షన్లను ఆ నెలల్లోకి జరుపు. రాత్రి షిఫ్టు దిగి తెల్లారుజాము బస్సెక్కినవాడికి రెండో సగంలో పిక్కలు పట్టేస్తాయి. ఆ నొప్పి రాస్తే పేదరికం గురించి మళ్లీ ఒక పేరా రాయనక్కరలేదు. నీ మేస్త్రీ పుస్తకాల భాష మాట్లాడుతున్నాడు. "రేపు లోడు ఉండాది, రాకుంటే ఇంక రానే వద్దు" అన్నాడంటే నాకు భయమేస్తుంది.

కడపటి గోలు తీసేయమని అంటే నీకు కష్టంగా ఉంటుంది, తెలుసు. మన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం సంగతి చెబుతాను. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లోడు. హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ కంట్లో పడి 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు పోయినాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టినాడు. ఆ రెండు ఆటలూ మనం ఓడినాం. అరవై ఏళ్లు దాటినా ఆ రెండు గోల్స్ గురించి చెప్పుకుంటానే ఉన్నాం. నీ పిల్లోడి జట్టు ఆ రోజు ఓడిపోనీ. ఓడిన జట్టులో నుంచి ఒక్క నంబరును కోచ్ కాగితం మీద రాసుకోనీ. నాకైతే గోలు కన్నా ఆ రాసుకోవడమే గుండె కొట్టుకునేలా చేస్తుంది.

ఇంకొక్కటి అడగాల. సెలెక్షన్ రోజు మనవాడు పనికి పోలేదు. మేస్త్రీ వాడిని తీసెయ్యలేదు, కూలి తెగలేదు. అంటే ఎవడో వాడి బదులు ఆ పూట ఇద్దరి పని చేసినాడు. 140వ పేజీలో "స్నేహితుడు చూసుకున్నాడు" అని ఒక్క మాటలో దాటేసినావు. ఎవడా పిల్లోడు? వాడికీ ఫుట్‌బాల్ వచ్చా? ఆ సాయంత్రం వాడి మణికట్లకు నూనె ఎవరు రాసినారు? ఆ అధ్యాయం రాసి ముందు నాకు పంపు. మిగతాది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.