ఊపిరితిత్తిలో గడ్డ: కోయించాల్సిందేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 సంవత్సరాలు. మిర్యాలగూడలోని ఒక రైసుమిల్లులో హమాలీ పని చేస్తారు, బీడీలు తాగుతారు. హెర్నియా ఆపరేషన్‌కు ముందు తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తిలో గుండ్రని మచ్చ కనిపించింది. సీటీ స్కాన్ చేసి, అది 2 సెంటీమీటర్ల ‘హామర్టోమా’ అని, క్యాన్సర్ కాదని రాశారు. చుట్టాలు మాత్రం గడ్డ ఏదైనా కోయించాల్సిందే అంటున్నారు. ఇది మిల్లు దుమ్ము వల్ల వచ్చిందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఊపిరితిత్తుల్లో వచ్చే, క్యాన్సర్ కాని కణితుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది హామర్టోమాయే. మృదులాస్థి, కొవ్వు వంటి మామూలు కణజాలాలే ఒకచోట క్రమం తప్పి ముద్దగా పెరగడం వల్ల ఇది ఏర్పడుతుంది. కొందరిలో ఈ ముద్ద లోపల సున్నం పేరుకొని, స్కాన్‌లో అచ్చం పేలిన మక్కపేలంలా తెల్లగా కనిపిస్తుంది. దానితోపాటు కొవ్వు కూడా కనిపిస్తే ముక్క తీసి పరీక్షించకుండానే డాక్టర్లు దాదాపుగా నిర్ధారించగలరు. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. కనుక బాధ లేనప్పుడు కోయించవలసిన పని లేదు. డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ స్కాన్ తీయించి, సైజు పోల్చి చూస్తే చాలు. గడ్డ పెరుగుతున్నా, నిర్ధారణలో అనుమానం మిగిలినా అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

మిల్లు దుమ్ము దీనికి కారణం కాదు. అయితే బీడీ తాగేవారి ఊపిరితిత్తిలో కనిపించే ప్రతి మచ్చనూ క్యాన్సర్ కోణంలో చూడక తప్పదు కాబట్టి, మీ నాన్నగారి స్కాన్‌ను ఊపిరితిత్తుల డాక్టరుకు స్వయంగా చూపించండి. ఇంట్లో పాత ఎక్స్‌రే ఏదైనా ఉందేమో వెతకండి. రెండేళ్ల కిందటి ఫిల్ములో కూడా ఆ మచ్చ అంతే సైజులో ఉంటే, అంతకు మించిన ధైర్యం మరొకటి లేదు. ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే, గళ్ల పరీక్ష కూడా లేకుండా టీబీ మందులు మొదలుపెట్టడం మాత్రం సరికాదు.

ఇలాంటి గడ్డ కొద్దిమందిలో శ్వాసనాళం లోపలే పెరుగుతుంది. అప్పుడది గాలి దారికి అడ్డుపడి దగ్గు, పిల్లికూతలు, ఒకే వైపు మళ్లీ మళ్లీ నిమ్మును తెస్తుంది. ఏళ్ల తరబడి ఉబ్బసమనుకొని మందులు వాడినవారూ ఉన్నారు. అటువంటి గడ్డను తీసివేయాలి, చాలాసార్లు బ్రాంకోస్కోపీ (శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి చూసే పద్ధతి) ద్వారానే తీయవచ్చు. మీ నాన్నగారికి ఈ లక్షణాలు ఉన్నట్లు మీరు రాయలేదు. గళ్లలో రక్తం పడినా, బరువు తగ్గినా ఆలస్యం చేయవద్దు.

ఈ గడ్డ ఒక్కటే కారణంగా హెర్నియా ఆపరేషన్ సాధారణంగా ఆపనక్కర లేదు. మత్తు డాక్టరుకు సీటీ ఫిల్ములు ముందుగానే చూపించండి, బీడీ ఈ రోజు నుంచే మాన్పించండి.