నిరుద్యోగం తక్కువ ఉన్న చోట మనవాడికి ఉద్యోగం ఖాయమేనా?

ప్రశ్న: మాది పర్చూరు దగ్గర పల్లె. శనగ, పొగాకు వేస్తాం. అబ్బాయి బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని హిండ్‌మార్ష్ అనే ప్రాంతం వివరాలు కాగితం మీద చూపించారు. నిరుద్యోగం బాగా తక్కువ, అంతా వ్యవసాయమే, పనికి మనుషులు దొరకడం లేదు, ఇళ్లు చవక అని ఉంది. మెల్‌బోర్న్‌లో రెండేళ్లు మాస్టర్స్ చేసి అక్కడికి వెళితే పీఆర్ (శాశ్వత నివాస హక్కు) గ్యారంటీ అంటున్నారు. రెండెకరాలు అమ్మి పంపమంటారా? పెద్దమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి గుంటూరులో పనిచేస్తోంది. ఆమెకు సంబంధాలు చూస్తున్నాం.

జవాబు:

పొలం అమ్మకండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడతాను.

కాగితంలో ఉన్నది అబద్ధమని నేననను. అంకెలు నిజమే అయ్యుండొచ్చు, వాటిని మీకు చదివి వినిపించిన తీరులోనే ఉంది తిరకాసు. హిండ్‌మార్ష్ షైర్ (అక్కడి స్థానిక పాలనా ప్రాంతం) విస్తీర్ణం సుమారు 7,500 చదరపు కిలోమీటర్లు, అంటే విడదీయకముందు మన గుంటూరు జిల్లాలో మూడింట రెండొంతులు. అంత నేల మీద 2021 జనాభా లెక్కల్లో తేలిన మనుషులు 5,700 దగ్గర. మీ వైపు ఒక పెద్ద పంచాయతీలో ఉండేంత జనం! మెల్‌బోర్న్, అడిలైడ్ మధ్య హైవే మీద, రెంటికీ ఇంచుమించు సగం దూరంలో ఉండే నిల్ అనే ఊరే వాళ్లకు పెద్ద ఊరు, తర్వాత డింబూలా, రెయిన్‌బో, జెపారిట్. ఇక మధ్యస్థ వయసు చూడండి, దేశం మొత్తానికి 38 అయితే అక్కడ 50 దగ్గర. మీ కాగితంలో ఇది ఉందో లేదో గానీ, నేనైతే అన్నిటికంటే ముందు చూసే అంకె అదే.

ఎందుకంటే నిరుద్యోగ శాతం లెక్కలోకి వచ్చేది పని చేస్తున్నవాళ్లు, పని కోసం వెతుకుతున్నవాళ్లు మాత్రమే. రిటైరైన పెద్దాయన ఆ లెక్కలో లేడు. ఇంటర్ అయ్యాక చదువుకనో పనికనో బల్లారట్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లిపోయిన కుర్రాడు అసలు ఆ ఊరి లెక్కలోనే లేడు. సొంత పొలం చేసుకునే రైతు ఏడాదంతా ఖాళీ లేనట్టే లెక్క, పంట పోయినా సరే. ఇలా పని దొరకనివాళ్లు ఊరు విడిచిపోతూ ఉంటే నిరుద్యోగం తక్కువగా కాక ఎక్కువగా ఎలా కనబడుతుంది చెప్పండి. తక్కువ నిరుద్యోగం అంటే మీ అబ్బాయి చదివిన చదువుకు ఖాళీలున్నాయని అర్థం కాదు.

"అంతా వ్యవసాయమే" అన్నది నిజం, అక్కడ ఎక్కువ మంది చేసే పని అదే. కానీ ఎవరు చేస్తున్నారు? రెండు వేల హెక్టార్లు, మన లెక్కలో దాదాపు ఐదు వేల ఎకరాలు, ఒకే కుటుంబం సాగు చేయడం అక్కడ వింతేం కాదు. తండ్రి, కొడుకు, కోతల్లో ఒకరిద్దరు అదనపు మనుషులు, అంతే. ఏడాదికి నాలుగు వందల మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన మీద ఏప్రిల్, మే నెలల్లో విత్తుతారు, నవంబర్, డిసెంబర్‌లో కోస్తారు. గోధుమ, బార్లీ, కనోలా, మసూర్, శనగ. భూమి వాళ్లది, యంత్రం వాళ్లది, పని వాళ్లది. బీఎస్సీ పట్టా పట్టుకుని వెళితే ఆ పొలంలో కుర్చీ వేసి కూర్చోబెట్టరు, కోతల కాలంలో ట్రాక్టరో లారీయో నడపమంటారు, అక్కడి లారీ లైసెన్సు మనవాడి దగ్గర ఉండదు.

అన్నట్టు, మీరు శనగ రైతు కాబట్టి ఒక మాట. వాళ్ల బతుకూ మీ బతుకూ ఢిల్లీలో ఒకే ఫైలు మీద నడుస్తాయి. 2017 డిసెంబర్‌లో మన ప్రభుత్వం దిగుమతి శనగలు, మసూర్ మీద 30 శాతం సుంకం వేసింది, కొన్ని నెలలకే శనగ మీద దాన్ని 60 శాతానికి పెంచింది. ఆ దెబ్బ హిండ్‌మార్ష్ ఉన్న వింమెరా ప్రాంతంలో పప్పుధాన్యాల రైతులకు గట్టిగా తగిలింది. 2024 మేలో దేశీ శనగ మీద సుంకం ఎత్తేసినప్పుడు వాళ్లకు ఊరట, ఇక్కడ మీకు ధర టెన్షన్ అయింది. కొనేవాళ్లలో పెద్ద దేశం ఒక్క ఉత్తర్వుతో తలుపు మూస్తే మొత్తం ప్రాంతం ఆదాయం ఊగిపోయే చోట, కొత్తవాళ్లను పనిలో పెట్టుకునే ధైర్యం కూడా ఏడాదికోలా ఉంటుంది.

"మనుషులు దొరకడం లేదు" అన్నదానికీ అక్కడ ఒక అసలు కథ ఉంది, మీ కన్సల్టెన్సీ ఇదే సగం చెప్పి ఉంటుంది. నిల్‌లో బాతు మాంసం ప్రాసెస్ చేసే లవ్-ఎ-డక్ అనే కంపెనీకి 2010 ప్రాంతంలో పనివాళ్లు దొరకలేదు. బర్మా నుంచి శరణార్థులుగా వచ్చి మెల్‌బోర్న్‌లో ఉంటున్న కరెన్ తెగ కుటుంబాలను రమ్మన్నారు. ముందు కొద్దిమంది, తర్వాత పిల్లాపాపలతో దాదాపు 200 మంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనం వాళ్ల వల్ల ఆ ప్రాంత ఆర్థిక వ్యవస్థకు 4.15 కోట్ల డాలర్లు కలిశాయని, సుమారు 70 పూర్తికాలపు ఉద్యోగాలు పెరిగాయని లెక్కగట్టింది. మంచి కథే. అయితే వాళ్లు శరణార్థులు, వచ్చేనాటికే శాశ్వత నివాస హక్కు చేతిలో ఉంది, కాబట్టి ఫ్యాక్టరీ లైన్లో ఏ పని దొరికినా చేసుకోగలిగారు. మీ అబ్బాయి వెళ్లేది స్టూడెంట్ వీసా మీద, తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయాలి. పీఆర్ కావాలంటే ఫ్యాక్టరీ లైన్లో పని లెక్కకు రాదు, నైపుణ్య జాబితాలో ఉన్న వృత్తి చూపించాలి. రెండు దారులూ వేరు.

ఇక ఆ ప్లానులోనే ఒక తప్పుంది, చూడండి. 491 అనే రీజనల్ వీసా ఉన్న మాట నిజమే. రాష్ట్రం నామినేట్ చేస్తే వీసా ఎంపికకు లెక్కగట్టే పాయింట్లలో 15 కలుస్తాయి, ఐదేళ్ల వీసా, మూడేళ్లు రీజనల్ ప్రాంతంలో ఉండి పన్ను కట్టే ఆదాయం చూపించాక 191 అనే వీసా ద్వారా పీఆర్‌కు పెట్టుకోవచ్చు. ఈ వీసా లెక్కల్లో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా ఆస్ట్రేలియా అంతా రీజనలే, అడిలైడ్, పెర్త్‌తో సహా. అలాంటప్పుడు మెల్‌బోర్న్‌లో చదివించడమేంటి? రీజనల్‌లో చదివితే వచ్చే 5 పాయింట్లు అక్కడ రావు, చదువయ్యాక రీజనల్‌లో ఉన్నందుకు ఇచ్చే అదనపు వర్క్ వీసా ఏళ్లూ రావు. ఇదంతా వాళ్లకు తెలియక కాదు. ఏ కాలేజీలో చేర్పిస్తే ఎంత కమీషన్ అన్నది కూడా ఒక లెక్కే కదా. పైగా రాష్ట్రానికి ఏటా ఇన్ని నామినేషన్లని పరిమితి ఉంటుంది, ఎవరిని పిలవాలో రాష్ట్రం ఇష్టం. "గ్యారంటీ" అన్న మాట వినగానే లేచి వచ్చేయాల్సింది.

సరే, ఇప్పుడు మీరు ఉత్తరం చివర్లో పెళ్లి సంబంధాల పక్కన ఇరికించిన మాటకు వస్తాను. మీ అమ్మాయి నర్సు.

మధ్యస్థ వయసు 50 దగ్గరున్న ఊళ్లకు ఎవరు కావాలి? అలాంటి చోట్ల వ్యవసాయం తర్వాత ఎక్కువ మందికి పని ఇచ్చేది వైద్యం, వృద్ధుల సంరక్షణ. నిల్ కేంద్రంగా వెస్ట్ వింమెరా హెల్త్ సర్వీస్ అని ఉంది, చుట్టుపక్కల చిన్న ఊళ్లలో ఆస్పత్రులు, వృద్ధాశ్రమాలు నడుపుతుంది. 2023 జూలై 1 నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, దేశమంతటా వృద్ధాశ్రమాల్లో ఇరవై నాలుగు గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉండి తీరాలని చట్టం వచ్చింది. పట్నాల్లోనే నర్సుల కొరత ఉంటే ఆ పల్లెల సంగతి మీరే ఊహించండి. మీకు చూపించిన కాగితం నిజంగా ఎవరికైనా పనికొస్తుందంటే అది ఆమెకే.

ఆమె దారి కూడా పూలబాట కాదు. అక్కడి నర్సింగ్ బోర్డు రిజిస్ట్రేషన్ అహ్‌ప్రా అనే సంస్థ ద్వారా జరుగుతుంది. మన బీఎస్సీ నర్సింగ్‌కు సాధారణంగా ముందు ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ అనే పరీక్ష రాయాలి, అది హైదరాబాద్‌లోనే రాయొచ్చు, తర్వాత ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్షకు ఆస్ట్రేలియా వెళ్లాలి. ఇంగ్లిష్ పరీక్ష దీనికి వేరే, మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే, ముఖ్యంగా రైటింగ్‌లో. అయినా రెండేళ్ల మాస్టర్స్ ఫీజుతో పోలిస్తే ఈ ఖర్చు చాలా తక్కువ, పొలం జోలికి పోవక్కర్లేదు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఈ ఆలోచన ముందే చెప్పండి, అవతలివాళ్లు "పెళ్లయ్యాక చూద్దాం" అంటే అక్కడే ఆగి అడగండి.

అక్కడి బతుకు ఎలా ఉంటుందో కూడా ఆమెకు తెలియాలి. ఇళ్లు కొనడానికి చవకే, అద్దెకు దొరకడమే కష్టం. కారు నడపడం రాకపోతే కదలలేరు. పసిపిల్లలుంటే చైల్డ్ కేర్‌లో సీటు కోసం ఎదురుచూపులు. మనవాళ్లు చుట్టూ ఉండరు. రెండు మూడేళ్లు అలా ఉండగలనంటేనే దిగాలి.

అబ్బాయికి దారి లేదని కాదు, దారి వేరు. ఆ ప్రాంతంలోనే హోర్షమ్ అనే పట్నం ఉంది, అక్కడ ప్రభుత్వ ధాన్యాల పరిశోధన కేంద్రం, 2014లో మొదలైన ఆస్ట్రేలియన్ గ్రెయిన్స్ జీన్‌బ్యాంక్ ఉన్నాయి, పప్పుధాన్యాల మీద గట్టి పని జరుగుతుంది. అలాంటి చోటికి వెళ్లేవాడు పరిశోధకుడిగా వెళ్లాలి, పార్ట్ టైమ్ పని వెతుక్కునే విద్యార్థిగా కాదు. ఇక్కడ ఐసీఏఆర్ పీజీ ఎంట్రన్స్ రాసి ప్లాంట్ బ్రీడింగ్‌లోనో ఆగ్రానమీలోనో ఎమ్మెస్సీ చేయనివ్వండి, అదీ శనగ మీద. మెషీన్ కోతకు వీలయ్యే ఎన్‌బీఈజీ-47 శనగ రకం తీసింది మన నంద్యాల పరిశోధన స్థానమే, అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరులోనే ఉంది. అలాంటి చోట రెండేళ్లు పనిచేసినవాడు అడిలైడ్‌లోనో మరోచోటో స్కాలర్‌షిప్‌తో పీహెచ్‌డీకి అడిగితే మాట వేరుగా ఉంటుంది.

కన్సల్టెన్సీ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే మూడు అడగండి. మీ మైగ్రేషన్ ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, దాన్ని అక్కడి ప్రభుత్వ జాబితాలో మేమే చూసుకుంటాం. మా అబ్బాయి డిగ్రీకి ఏ వృత్తి పేరుతో, ఎవరు స్కిల్ అసెస్‌మెంట్ చేస్తారు. హిండ్‌మార్ష్‌లో ఆ వృత్తిలో ఇప్పుడున్న ఉద్యోగ ప్రకటన ఒక్కటి చూపించండి. జవాబులు కాగితం మీద రాసిస్తే నాకు పంపండి, చూస్తాను. ఈలోగా అమ్మాయిని ఒక మాక్ ఇంగ్లిష్ పరీక్ష రాయమనండి, రైటింగ్‌లో ఎంత వచ్చిందో రాయండి.