√(9ఎన్) పూర్ణసంఖ్య అయితే √ఎన్ కూడా పూర్ణసంఖ్యేనా?

మీరు అడిగిన జీమ్యాట్ (మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశపరీక్ష) లెక్క ఇదీ: ఎన్ ధన పూర్ణసంఖ్య. √ఎన్ పూర్ణసంఖ్య అవుతుందా? మొదటి సమాచారం, √(9ఎన్) పూర్ణసంఖ్య. రెండోది, √(5ఎన్) పూర్ణసంఖ్య కాదు. ఇచ్చిన సమాచారంతో 'అవును' అనో 'కాదు' అనో ఖాయంగా తేల్చగలమా అన్నదే ఇక్కడ ప్రశ్న. కీలో మొదటిదొక్కటే చాలని, అంటే జవాబు 'ఏ' అని ఇచ్చారు. √(9ఎన్) అంటే √ఎన్‌కి మూడు రెట్లు, దాని విలువ 2 అయితే √ఎన్ 2/3 కావచ్చు కదా అని మీ అనుమానం.

అనుమానం సబబే. కానీ √ఎన్ 2/3 కావాలంటే ఎన్ 4/9 కావాలి. ఎన్ పూర్ణసంఖ్య అని ముందే చెప్పేశారుగా, ఆ దారి అక్కడే మూసుకుపోయింది. ధన పూర్ణసంఖ్యకు వర్గమూలం తీస్తే వచ్చేవి రెండే రకాలు: పూర్ణసంఖ్య, లేదంటే √2, √7 లాంటి కరణీయ సంఖ్య (భిన్నంగా రాయలేనిది). మధ్యలో భిన్నం రాదు. √ఎన్ కరణీయమైతే 3తో గుణించినా కరణీయంగానే ఉంటుంది. ప్రధాన కారణాంకాలతో చూసినా అంతే. వర్గసంఖ్యలో ప్రతి ఘాతమూ సరిసంఖ్యే; 9ఎన్ లోంచి 3² తీసి పక్కన పెడితే ఎన్‌లో మిగిలే ఘాతాలూ సరిసంఖ్యలే.

అమీర్‌పేటలో జీమ్యాట్‌కి చదివేవాళ్లకు క్వాంట్ (గణితం) చెప్పేటప్పుడు, ఇలాంటి లెక్క రాగానే చాలామంది నోట్‌బుక్‌లో 1, 4, 9, 16 అని నిలువుగా వేసుకుంటూ పోయేవాళ్లు. అన్నీ వర్గాలే వేస్తే జవాబు 'అవును' కాక ఇంకేమొస్తుంది! నేను బోర్డు మీద 'ధన పూర్ణసంఖ్య' అన్న మాటను అరచేత్తో కప్పేసి, ఇప్పుడు చేయండి అనేవాణ్ణి. అప్పుడు 4/9 కూడా లోపలికొస్తుంది. 4, 4/9 రెండూ రెండు షరతులకూ సరిపోతాయి, కానీ ఒకదానికి √ఎన్ పూర్ణసంఖ్య, ఇంకోదానికి కాదు. జవాబు 'ఏ' నుంచి ఏకంగా 'ఈ'కి, అంటే రెండూ కలిపినా చాలదు అన్నదానికి పోతుంది.

రెండో సమాచారం తేలిగ్గా తేలిపోతుంది. ఎన్ 4 అయితే √20, ఎన్ 2 అయితే √10, రెండూ పూర్ణసంఖ్యలు కావు. √ఎన్ మాత్రం ఒకచోట 2, ఇంకోచోట √2. చాలదు.

ఇప్పుడు ఈ తరహా ప్రశ్నలు జీమ్యాట్‌లో డేటా ఇన్‌సైట్స్ అనే విభాగంలో వస్తున్నాయి, అక్కడ తెరమీద కాలిక్యులేటర్ ఉంటుంది. దీనికి మాత్రం దాని జోలికి పోకండి. 20 ప్రశ్నలకు ఉన్నవి 45 నిమిషాలే.

అన్నట్టు, రెండోదాంట్లో 'కాదు' తీసేసి √(5ఎన్) పూర్ణసంఖ్య అని మార్చి చూడండి. ఎన్ 5, 20, 45 ఇలాగే ఉండాలి. √ఎన్ √5, 2√5, 3√5 అవుతుంది, పూర్ణసంఖ్య ఎప్పటికీ కాదు. ఖాయంగా 'కాదు' అని తేలింది కాబట్టి ఆ సమాచారం ఒక్కటే చాలు. దీన్ని చాలదని కొట్టేసేవాళ్లే ఎక్కువ.