అల్లుడూ, ఆ ఫిల్టర్ వీడియో ఇప్పుడే పెట్టకు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశా, నల్గొండ బోరు నీళ్ల కోసం చేసిన ఆ ఫ్లోరైడ్ ఫిల్టర్ చాలా బాగుంది రా, ముఖ్యంగా ఫ్లోరైడ్‌ని పట్టుకునే అల్యూమినాని వాడేశాక కాస్టిక్ సోడాతో కడిగే దగ్గర నువ్వు మార్చిన పద్ధతి నాకు బాగా నచ్చింది. కానీ వచ్చే వారం యూట్యూబ్‌లో పెడతా అన్నావే, అది చదివి గుండె గుభేలుమంది. ముందు పేటెంట్ అప్లికేషన్ వెయ్యి, తర్వాత ఊరందరికీ చూపించు.

నేను అలాగే ఒకటి పోగొట్టుకున్నా. ఫ్యాక్టరీ మురుగునీళ్లలో బురద తొందరగా అడుక్కి దిగే ట్యాంకు ఒకటి తయారుచేసి, ఆ ఉత్సాహంలో ఒక మీటింగ్‌లో బొమ్మ గీసి మరీ అందరికీ వివరించా, ఏడాదిన్నర తర్వాత అప్లికేషన్ వేస్తే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ ఆ మీటింగ్ కాగితాలే ముందు పెట్టి ఇది కొత్తది కాదన్నాడు. కొన్ని సందర్భాలకి చట్టంలో 12 నెలల వెసులుబాటు ఉంది గానీ యూట్యూబ్ వీడియోకి అది వర్తించదు, దాన్ని నమ్ముకోకు.

ప్రొవిజనల్‌కి, అంటే ముందుగా వేసే తాత్కాలిక అప్లికేషన్‌కి, ఖర్చు పెద్దగా ఉండదు, నీ సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1600 రూపాయలు. ఆ తేదీ నీదైపోతుంది, తర్వాత ఇంకెవరు వేసినా నువ్వే ముందు, అక్కడ్నుంచి 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరాల పత్రం వెయ్యాలి, 31 నెలల్లోపు ఎగ్జామినేషన్ కోసం విడిగా అడగాలి, దానికి ఇంకో 4000. ఇది అడగడం మర్చిపోతే ఫైలు అక్కడితో పోతుంది, కాబట్టి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో. ఇంకోటి, ప్రొవిజనల్‌లో రాయని విషయానికి ఆ తేదీ రాదు, రెండు పేజీలు గీకి పడేయకు.

అసలు కష్టం క్లెయిమ్స్, అంటే ఇందులో నాది ఇంతవరకు అని చెప్పే వాక్యాలు, రాయడంలో ఉంది. "ఫ్లోరైడ్ తీసే ఫిల్టర్" అని రాశావనుకో, నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో చేసిన నల్గొండ టెక్నిక్ ఎప్పటినుంచో ఉంది, అల్యూమినా కూడా పాతదే. ఇసుక, కార్బన్, యూవీ ఒకదాని వెనక ఒకటి పెట్టా అంటావా, ఎవరి పని వాళ్లు చేసుకునే పాత వస్తువుల్ని వరసలో పెట్టడం ఆవిష్కరణ కాదని పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) కింద ఆపేస్తారు. తెలిసిన ప్రాసెస్‌ని ఊరికే వాడటానికి 3(డి) అడ్డొస్తుంది. నీది కొత్త అయ్యేది ఆ కడిగే దగ్గరే, సోడా ఎంత గాఢత, ఎంతసేపు, తర్వాత యాసిడ్‌తో పీహెచ్ ఎంతకి తెచ్చావు, ఎన్నిసార్లు కడిగినా లీటరుకి 1 మిల్లీగ్రామ్ లోపే ఫ్లోరైడ్ ఉంటోందా, ఈ అంకెలు లేకుండా ఏం రాసినా గాల్లో రాసినట్టే. ఇలాంటిది ఇంతకుముందు ఎవరైనా చేశారేమో గూగుల్ పేటెంట్స్, మన పేటెంట్ ఆఫీసు వెతుకులాట సైటు ఇన్‌పాస్ రెండింట్లో కనీసం పది రోజులు కూర్చుని వెతుకు. కడిగిన నీళ్లలో ఫ్లోరైడ్ అంతా చేరుతుంది కదా, అవి ఎటు పోతాయో కూడా రాయి, వాటిని పక్క పొలంలోకి వదిలితే నువ్వు చేసిన మేలేం లేదు.

"ఊళ్ల కోసం చేశా, నాకెందుకు మావయ్యా పేటెంట్" అన్నావు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1815లో గని దీపం చుట్టూ సన్నటి తీగ జాలీ పెట్టి, మంట బయటి గ్యాస్‌కి అంటుకోకుండా చేశాడు, పేటెంట్ తీసుకోలేదు. అమెరికా శాస్త్రవేత్త కాట్రెల్ ఇంకో దారి పట్టాడు, యాసిడ్ ఫ్యాక్టరీ పొగని కరెంటుతో పట్టే యంత్రానికి 1908లో పేటెంట్ తీసుకుని, 1912లో రీసెర్చ్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టి దానికి ఇచ్చేశాడు, ఆ డబ్బు పరిశోధనలకి వెళ్లింది. నాకైతే కాట్రెల్ దారే మంచిదనిపిస్తుంది. చేతిలో ఉంటేనే కదా పంచాయతీలకి ఫ్రీగా ఇస్తావో కంపెనీ దగ్గర డబ్బు తీసుకుంటావో నీ ఇష్టం అయ్యేది.

గోదావరిఖనిలో నీ ఫ్రెండ్ మీథేన్ అలారం చేస్తున్నాడన్నావుగా, అతనికి ఒక్క మాట చెప్పు. పేటెంట్ వచ్చినంత మాత్రాన దాన్ని గనిలోకి దించకూడదు, గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ అప్రూవల్ వేరే ఉంటుంది. గాల్లో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే పేలుతుంది, ఆ పెట్టెలోంచి చిన్న నిప్పురవ్వ వచ్చినా లోపలున్నవాళ్లు బయటికి రారు.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, రీడింగ్స్ నోట్‌బుక్ పక్కన పెట్టుకో. మూడోసారి కడిగాక ఫ్లోరైడ్ ఎంత వచ్చిందో ఆ అంకె ముందు చెప్పు.

మీ మావయ్య