రేంజ్‌లో సాధనకూ ఇంటి రక్షణకూ ఒకటే పిస్తోలు: గ్లాక్ 19 తీసుకోవాలా, చిన్నది తీసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గ్రీన్‌కార్డు వచ్చింది, డల్లాస్‌కు ఉత్తరాన ఇల్లు కొన్నారు, వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చడం నేర్చుకోవాలని ఉంది, అదే పిస్తోలు రాత్రివేళ ఇంటి రక్షణకూ పనికిరావాలి. దుకాణంలో గ్లాక్ 19నూ దానికంటే చిన్నదైన సిగ్ పీ365నూ పట్టుకుని చూశారు. చిన్నది అరచేతిలో ఇట్టే ఒదిగింది కాబట్టి మనసు అటే లాగుతోంది.

ఆరేళ్ల కిందట నేనూ ఆ ఒదుగుడు చూసే మోసపోయాను. ఒక చిన్న పిస్తోలు కొని, ఎనిమిది నెలలకు నష్టానికి అమ్మేసి, గ్లాక్ 19 తీసుకున్నాను. కాబట్టి నా జవాబు మొదటే చెప్పేస్తున్నాను: గ్లాక్ 19 అంత పరిమాణంలో ఉన్నదే తీసుకోండి. ఏ కంపెనీది అన్నది ఆ తరవాతి సంగతి.

రెండింటిలోనూ పేలేది ఒకటే తూటా, 9 మిల్లీమీటర్లది. గ్లాక్ 19 ఖాళీ మ్యాగజైన్‌తో (పిడిలో దూర్చే తూటాల అరతో) సుమారు 670 గ్రాములు, పీ365 సుమారు 500 గ్రాములు. మందు అంతే, గుండు అంతే, పిస్తోలు మాత్రం తేలిక. అందుకే చేతిని ఎక్కువ తన్నుతుంది. పిస్తోలు మీద గురి చూసుకోవడానికి ఉండే ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం తగ్గేకొద్దీ, గురిలో వెంట్రుకవాసి తేడా కూడా గురి కాగితం దగ్గరికి వెళ్లేసరికి జానెడవుతుంది. ఈ చిన్న పిస్తోళ్లను చొక్కా కింద దాచుకుని తిరిగేవాళ్ల కోసం చేశారు. 2018లో వచ్చిన పీ365కు అంత పేరు రావడానికి కారణం కూడా అదే, అంత చిన్న ఒంట్లో పది తూటాల మ్యాగజైన్ ఇమిడ్చారు. మీరు నడుముకు కట్టుకుని తిరిగే ఆలోచన లేదని మీరే రాశారు. దాచే పని లేని పిస్తోలు చిన్నదై ఏం లాభం?

నేను కొన్న ఆ చిన్నది (పేరు ఎందుకులెండి) ముప్పై తూటాలు దాటేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందగడ్డలా ఎర్రబడేది. నొప్పిదేముంది, తగ్గిపోతుంది. కానీ ఆ నొప్పి వల్ల రేంజ్‌కి వెళ్లడమే తగ్గిపోయింది. మొదటి నెల నాలుగుసార్లు వెళ్లాను, మూడో నెల ఒకసారి, ఆ తరవాత డబ్బా తెరవనేలేదు. సాధన లేని పిస్తోలుతో ఇంటికి రక్షణ ఏముంటుంది? ఉన్నవాళ్లకే ప్రమాదం. రేంజ్ అవసరం వేరు, రక్షణ అవసరం వేరు అనుకుని రెంటికీ మధ్యస్థంగా ఏదో ఒకటి వెతకకండి. వందల తూటాలు విసుగు లేకుండా కాల్చగలిగినదేదో, రక్షణకు కూడా అదే.

ఇక గ్లాక్ సంగతి. కర్టెన్ కడ్డీలు తయారుచేసుకునే గాస్టన్ గ్లాక్ అనే ఆస్ట్రియా వ్యాపారి, అంతకుముందు ఒక్క తుపాకీ కూడా చేయకుండానే సైన్యం టెండరుకు పోటీపడ్డాడు. 1982లో ఆస్ట్రియా సైన్యం అతని గ్లాక్ 17ను ఎంచుకుంది. దాన్ని కొంచెం కురచ చేసి 1988లో తెచ్చినదే 19. మ్యాగజైన్‌లో 15 తూటాలు, గొట్టం (బ్యారెల్) నాలుగు అంగుళాలు. పిడి, చట్రం ప్లాస్టిక్. దుకాణంలో పట్టుకుంటే బొమ్మ తుపాకీలా, కొంచెం చవకబారుగా అనిపించే మాట నిజం. నాకూ అలాగే అనిపించింది. అందం కోసం కొనేది కాదు.

కొత్తవాళ్లను కలవరపెట్టేది వేరే ఉంది: దానికి బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ మధ్యలో ఒక సన్నటి పలక ఉంటుంది, వేలు సరిగా పడితేనే అది నొక్కుకుంటుంది. కింద పడితే పేలకుండా లోపల మరో రెండు ఏర్పాట్లున్నాయి. కానీ వేలే వెళ్లి ట్రిగ్గర్ మీద పడితే ఆపేది ఏదీ లేదు. కాబట్టి కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ దగ్గరకు పోకూడదన్న నియమం దీనితో ఇంకా గట్టిగా పాటించాలి. ఇంకొకటి కూడా ఉంది. శుభ్రం చేయడానికి విప్పాలంటే గ్లాక్‌లో ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ తీసేశాం కదా అని, ఛాంబర్‌లో (గొట్టం మొదట్లో పేలబోయే తూటా కూర్చునే చోట) ఒక తూటా మిగిలిందేమో చూడకుండా నొక్కి భోజనాల బల్లకు చిల్లు పెట్టిన మిత్రుడు నాకున్నాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ పిస్తోలు ఎం అండ్ పీలో ట్రిగ్గర్ నొక్కకుండా విప్పే ఏర్పాటు ఉంది; ఆ ఒక్క కారణంతో దాన్ని ఎంచుకున్నా నేను కాదనను.

పరీక్షించేటప్పుడు దుకాణంలో చేయగలిగింది తక్కువే, కానీ ఆ కొంచెం శ్రద్ధగా చేయండి. చూపుడువేలి కొస కండ ట్రిగ్గర్ మీద తిన్నగా ఆనాలి. అందుకోసం పిడిని చేతిలో పక్కకు తిప్పుకోవలసి వస్తే అది మీ చేతికి పెద్దది. కళ్లు మూసుకుని పిస్తోలు ఎత్తి, కళ్లు తెరిచి సైట్లు చూడండి. గ్లాక్ పిడి వాలు కొంచెం ఎక్కువ, కొందరి చేతిలో గొట్టం పైకి చూస్తుంది. మీ ఆవిడ కూడా వాడతారన్నారు కాబట్టి స్లైడ్ (పిస్తోలు మీద వెనక్కీ ముందుకూ జరిగే పైభాగం) లాగే పరీక్ష ఆమె చేతే చేయించండి. మా ఇంట్లో మొదటిరోజు అది కదలనే లేదు. కిటుకు శిక్షకురాలు చెప్పింది: స్లైడ్‌ను వెనక్కి లాగాలని చూడొద్దు, దాన్ని ఎడమచేత్తో బిగించి పట్టుకుని, కుడిచేత్తో పిస్తోలును ముందుకు తోయాలి. రెండోసారికే వచ్చేసింది.

అసలు పరీక్ష రేంజ్‌లోనే. చాలా రేంజ్‌లు పిస్తోళ్లు అద్దెకిస్తాయి. రెండూ తీసుకుని ఒక్కొక్కదానితో యాభై తూటాలు, ఏడు గజాల దూరంలో, నెమ్మదిగా కాల్చండి. ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. కొత్త గ్లాక్‌తో నా చిల్లులన్నీ కింద ఎడమవైపు పడుతుంటే సైట్లు వంకరగా ఉన్నాయని తేల్చేశాను. మార్పించడానికి ధర కూడా కనుక్కున్నాను. శిక్షకురాలు ఏమీ అనకుండా నా పిస్తోలు తీసుకుని ఐదు తూటాలు కాల్చింది, ఐదూ నడిమధ్య. తరవాత నాకు కనిపించకుండా మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా కలిపి ఇచ్చింది. అది రాగానే పేలుడు లేదు, కానీ పిస్తోలు మూతి మాత్రం గబుక్కున కిందికి వంగింది. చప్పుడుకు ముందే భయపడి చేతిని తోస్తున్నాను! కుడిచేతి వాటం వాళ్లలో కింద ఎడమవైపు చిల్లులు పడితే నూటికి తొంభైపాళ్లు జబ్బు ఇదే. నెల రోజులు ఇంట్లో, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, ఖాళీ పిస్తోలుతో ట్రిగ్గర్ నొక్కే సాధన చేశాక తగ్గింది. దానికి ఒక్క డాలరు ఖర్చు కాలేదు.

కాల్చేటప్పుడు పిస్తోలు ఇరుక్కుపోవడం గురించి కూడా అడిగారు. పిస్తోలు మంచిదైనా మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి రాబోయి నిలువునా ఇరుక్కుంటుంది. చిన్న పిస్తోళ్లు ఈ విషయంలో మరీ పెంకివి. కొన్నాక మామూలు తూటాలు కనీసం రెండు వందలు, ఇంట్లో ఉంచబోయే హాలోపాయింట్ తూటాలు యాభై, ఇరుక్కోకుండా పోతేనే నేను దాన్ని నమ్మాను. హాలోపాయింట్ ఖరీదు ఎక్కువే, అయినా ఆ యాభై దగ్గర పిసినారితనం పనికిరాదు.

హాలోపాయింట్ కొస గుంటగా ఉంటుంది, శరీరంలో విచ్చుకుని వేగం కోల్పోతుంది, అవతలికి దూసుకుపోయే అవకాశం తక్కువ. కానీ గోడల విషయంలో దీని మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడి ఇళ్లలో గదుల మధ్య ఉన్నవి మన ఇటుక గోడలు కావు, జిప్సం పలకలు. 9 మిల్లీమీటర్ల తూటా ఏ రకమైనా వాటిలోంచి పోతుంది. కొనేముందు రాత్రి ఇల్లంతా ఒకసారి తిరిగి, పిల్లలు ఏ గోడకు అవతల పడుకుంటారో, ఏ గుమ్మం నుంచి ఎటు చూస్తే వాళ్లు మధ్యలో ఉండరో చూసుకోండి. మేం చూసుకున్నాక తేలింది, మా మెట్ల దగ్గర నుంచి ఎటు కాల్చినా తప్పే. అందుకే మా ఇంటి పద్ధతి: అందరం ఒకే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని 911కు ఫోన్ చేయడం. పిస్తోలు ఆ తలుపు విరిగితే పనికొచ్చేది.

పిస్తోలు దాచే పెట్టెను పిస్తోలు కంటే ముందు కొనండి. టెక్సాస్ చట్టం ప్రకారం తూటాలున్న తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేస్తే, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే నేరం. చట్టం లేకపోయినా, మీ అబ్బాయికి ఐదేళ్లన్నారు. అల్మారా పై అరలో పెట్టిన లడ్డూల డబ్బా వాడికి ఎన్నిరోజులు అందకుండా ఉందో గుర్తుచేసుకోండి. అంకెలు నొక్కితే తెరుచుకునే ఉక్కు పెట్టె, గోడకో మంచానికో బిగించినది, నాకు నూట ఎనభై డాలర్లయింది. పిస్తోలు సుమారు 550. శిక్షణ, మొదటి వెయ్యి తూటాలు కలిపితే దాదాపు అంతే మళ్లీ అయింది. అంటే డబ్బా మీద ఉన్న ధరకు రెట్టింపు పైమాటే పెట్టుకోవాలి.

ఇది చదివేవాళ్లలో హెచ్1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఒక మాట. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనవచ్చు. దుకాణంలో తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఆ కార్డు మీది ఏలియన్ నంబరు (USCIS#) రాయాలి, నేపథ్య పరిశీలన జరుగుతుంది, పిస్తోలుకు 21 ఏళ్లు నిండాలి. తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లకు ఫెడరల్ చట్టం సాధారణంగా తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా అది దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు అలాగే మొదలైంది. విద్యార్థి హోదా పోయిన యువకుడు ఫ్లోరిడాలో రేంజ్‌కి వెళ్లి కాల్చాడు, కేసు పడింది. తన హోదా సంగతి అతనికి తెలుసని కూడా నిరూపించాలని కోర్టు చెప్పింది గానీ, ఆ తీర్పు కోసం అతను పడిన పాట్లు మనకెందుకు?

మా నాన్నగారు కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ కాల్చిన మనిషి. సందర్శక వీసా మీద వచ్చినప్పుడు ఎంత ముచ్చటపడినా ఆయన్ని రేంజ్ అద్దం ఇవతలే కూర్చోబెట్టాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఈ శనివారం వెళ్లేటట్టయితే చెవుల్లో పెట్టుకునేవీ పైన తొడుక్కునేవీ రెండూ వాడండి. నాలుగు గోడల మధ్య ఆ చప్పుడు సుమారు 160 డెసిబెల్స్. బయటికి రాగానే సబ్బుతో, చల్లటి నీళ్లతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి, సీసం పొడి ఉంటుంది. ఆ బట్టలతో పిల్లాణ్ని ఎత్తుకోవద్దు. మెడ దాకా మూసి ఉండే చొక్కా వేసుకోండి. కాల్చిన తొడుగులు కాలిపోతూ గాలిలోకి ఎగురుతాయి, నాకొకటి కాలర్‌లోంచి వీపు మీదకు జారింది. అప్పుడు గెంతకూడదు, పిస్తోలు మూతి ఎదురుగానే ఉంచి బల్ల మీద పెట్టి, ఆ తరవాత గెంతాలి.